పలకలో కొండ

మన కొడవలూరు నేల చదును. రాజుపాలెం వైపు రోడ్డెక్కి చూసినా, విడవలూరు వైపు కాలువ గట్టున నిలబడి చూసినా వరిమడి, రొయ్యల గుంట, తాటిచెట్టు. హాస్టల్లో కొత్తగా చేరే మూడు, నాలుగు తరగతుల పిల్లల్లో చాలామందికి ఎత్తు అంటే మంచినీళ్ళ ట్యాంకే. అలాంటి చిన్నవాళ్ళకు కొండలు ఎలా ఏర్పడతాయో చెప్పడానికి రెండేళ్ళుగా మేము పడుతున్న తిప్పలే ఈ వ్యాసం.

పాత విద్యార్థులం కొందరం ఆదివారం మధ్యాహ్నాలు వరండాలో చిన్న తరగతుల వాళ్ళను కూర్చోబెట్టుకుంటున్న సంగతి మీలో చాలామందికి తెలుసు. ఎక్కాలు, ఒత్తులు, చేతిరాతతో మొదలైన పని అది. ఒకరోజు గోడ పటం మీద హిమాలయాలు, తూర్పు కనుమలు చూపిస్తుంటే మూడో తరగతి పిల్లవాడొకడు చెయ్యెత్తి, "కొండను ఎవరు పోశారన్నా?" అని అడిగాడు.

మేము ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. వాడి ప్రశ్న న్యాయమైనదే. డెల్టాలో పుట్టినవాడికి ఎత్తుగా ఉన్నదేదైనా ఎవరో ఒకరు మట్టి పోసి లేపిందే. కాలువ గట్టు, రొయ్యల గుంట కట్ట, ఇంటి పునాది, రోడ్డు, అన్నీ ట్రాక్టర్లతో తోలి పోసినవే. కొండను కూడా ఎవరో పోసి ఉండాలి గదా!

ప్రశ్నను మళ్ళీ పిల్లలకే వదిలిపెట్టాం. దేవుడు పోశాడని ఒకడు, పాతకాలంలో రాజులు పోయించారని ఒకడు అన్నారు. మరొకడు వాళ్ళ జేజి చెప్పిన కథ చెప్పాడు. పూర్వం కొండలకు రెక్కలుండేవట, ఇష్టమొచ్చిన చోటికి ఎగిరిపోతుంటే ఇంద్రుడు వజ్రాయుధంతో రెక్కలు నరికేశాడట, మైనాకుడు ఒక్కడే సముద్రంలో దూరి తప్పించుకున్నాడట. చివరి వరుసలో కూర్చున్న నాలుగో తరగతి పిల్లవాడు అప్పటిదాకా నోరు విప్పలేదు. వాణ్ణి లేపి అడిగితే, "ఎట్టా పుడతాయో తెలీదన్నా. ఎట్టా పోతాయో తెలుసు. బెజ్జాలు వేసి, మందు కూరి పేలుస్తారు. మా నాయన ఆడనే పని చేస్తుండాడు" అన్నాడు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ పిల్లవాడి తండ్రి రోజూ పగలగొట్టే వస్తువు ఎలా తయారైందో ఆ పిల్లవాడికి తెలియాలని మాకు ఆ క్షణంలో గట్టిగా అనిపించింది. ఆ నెలలోనే నోటుపుస్తకాలు పంచడానికి వచ్చిన ఒక పెద్దమనిషి మా పాఠం కాసేపు విని, "వీళ్ళకు ఇవన్నీ ఎందుకబ్బాయ్, పదో తరగతి గట్టెక్కితే చాలు గదా" అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. పుస్తకాలు కూడా మంచివే ఇచ్చారు. అయినా ఆ మాట మాకు ఎక్కలేదు. మా కాలంలో మేమూ పది గట్టెక్కినవాళ్ళమే. ముడుత పర్వతాలు, ఖండ పర్వతాలు, అగ్ని పర్వతాలు అని మూడు పేర్లు వరసగా రాస్తే మార్కులు పడేవి. ముడుత ఎక్కడ పడుతుందో, ఎవరు వేస్తారో మమ్మల్ని ఎవరూ అడగలేదు.

మా మొదటి పరికరం హాస్టల్ జంపఖానా. నున్నటి గచ్చు మీద దాన్ని పరిచి, ఒక కొస గోడకు ఆనించి, రెండో కొస నుంచి ఇద్దరు పిల్లల్ని మెల్లగా తోయమన్నాం. జంపఖానా గోడ దగ్గర ఒక మడత లేచింది, దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. పిల్లలు కేరింతలు కొట్టారు. "ఇప్పుడు చెప్పండి, పైనుంచి ఎవరైనా ఏమైనా పోశారా?" అని అడిగాం. "లేదన్నా, పక్కనుంచి తోస్తే పైకి లేచింది" అన్నాడు మొదట ప్రశ్న అడిగినవాడు. ఆ ఒక్క వాక్యం వాడి నోట రావడానికి మాకు మూడు ఆదివారాలు పట్టింది. కొండల పాఠంలో సగం అదే.

మిగతా సగం, తోసేదెవరు అన్నది. దీనికి వంటగది గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళాం. పిల్లల్ని పొయ్యి దగ్గరికి రానివ్వనని వంటామె ఖచ్చితంగా చెప్పింది కాబట్టి దూరం నుంచే చూశారు. పెద్ద గుండిగలో అన్నం ఉడుకుతుంటే మెతుకులు నడిమి నుంచి పైకి వచ్చి, అంచుల దగ్గర కిందికి దిగుతుంటాయి. భూమి లోపల కూడా వేడికి ఇలాంటి కదలికే ఉంది. అయితే అక్కడున్నది నీళ్ళు కాదు, రాయి. రాయి ఎలా కదులుతుందంటే బెల్లం దిమ్మ గుర్తు చేసుకోమన్నాం. సుత్తితో కొడితే పగులుతుంది. అదే దిమ్మను ఎండాకాలం అటక మీద వదిలేస్తే నెల తిరిగేసరికి సాగి కిందికి జారి ఉంటుంది. లోపలి వేడి రాయి కూడా అట్లాగే, తొందరపెడితే రాయి, ఓపిక పడితే పాకం. దాని మీద మనం నిలబడే గట్టి పెంకు పెద్ద పెద్ద పలకలుగా విడిపోయి ఉంది. కొన్ని పలకల అంచులు చల్లబడి, బరువెక్కి పక్క పలక కిందికి దిగిపోతూ వెనకున్నదాన్ని కూడా లాక్కుపోతాయి. అలా కదులుతున్న పలకల్లో మన దేశం ఉన్న పలక ఒకటి.

ఎంత వేగంగా? ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు, ఈశాన్యం వైపుకు. గోళ్ళు పెరిగే వేగం కంటే కొంచెం ఎక్కువ. ఎనిమిదేళ్ళ పిల్లవాణ్ణి నిలబెట్టి, "నువ్వు పుట్టిన నాటికీ ఈ నాటికీ కొడవలూరు దాదాపు మూరెడు జరిగింది" అంటే వాడు కాళ్ళ కింద నేల చూసుకున్నాడు. పక్కవాడికి వెంటనే దిగులు పట్టుకుంది. "మరి మా అమ్మ వచ్చే బస్సు దారి తప్పదా అన్నా?" బస్సూ, రోడ్డూ, వాళ్ళ ఊరూ అన్నీ కలిసే జరుగుతున్నాయని చెప్పాక గాని వాడు కుదుటపడలేదు. నెలకోసారి వచ్చే అమ్మ దారి తప్పకూడదన్నది వాడికి హిమాలయాల కంటే పెద్ద విషయం. మాకూ ఒకప్పుడు అంతే.

జేజి కథను మేము కొట్టిపారేయలేదు. రెక్కల సంగతి ఎలా ఉన్నా, నేల ఒక చోట కుదురుగా ఉండేది కాదన్న ఊహ అందులో ఉంది. ఆ ఊహను శాస్త్రంగా చెప్పిన జర్మనీ వాతావరణ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ వెజెనర్‌ను 1912లో చాలామంది పండితులు నమ్మలేదు. ఖండాలు కదులుతాయంటే నవ్వారు. ఆయన 1930లో గ్రీన్‌లాండ్ మంచులో చనిపోయాడు. సముద్రపు అడుగు నేలను కొలిచి, ఖండాలు నిజంగానే కదులుతున్నాయని లోకం ఒప్పుకున్నది 1960ల్లో. పిల్లలు ఈ కథ శ్రద్ధగా విన్నారు. చెప్పింది నిజమై ఉండీ నవ్వులపాలైన మనిషంటే పిల్లలకు జాలి ఎక్కువ.

కోట్ల ఏళ్ళంటే ఏమిటో చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. మూడో తరగతివాడికి వంద దాటితే అన్నీ ఒకటే. బట్టలు ఆరేసే తాడు 4 మీటర్ల 60 సెంటీమీటర్లు కొలిచి వరండా స్తంభాలకు కట్టాం. ఒక సెంటీమీటరు అంటే కోటి సంవత్సరాలు. ఆ కొస భూమి పుట్టిన నాడు, ఈ కొస ఈ రోజు. మన పలక వెళ్ళి ఆసియాను తాకి హిమాలయాలు లేవడం మొదలైంది సుమారు 5 కోట్ల ఏళ్ళ కిందట, అంటే ఈ కొస నుంచి 5 సెంటీమీటర్లు. అక్కడ ఎర్ర గుడ్డ పీలిక కట్టాం. డైనోసార్లు పోయింది దానికి ఒకటిన్నర సెంటీమీటరు వెనక. మనుషులు పుట్టి మూడు లక్షల ఏళ్ళు. అది తాడు మీద చీమ కాలంత కూడా లేదు. "అన్నా, మా జేజి ఎక్కడ?" అని అడిగాడు ఒకడు. వాళ్ళ జేజికి తాడులో చోటు దొరకలేదు.

హిమాలయాలు ఇప్పటికీ కొంచెం కొంచెం లేస్తూనే ఉన్నాయి, వానకూ మంచుకూ అరుగుతూనే ఉన్నాయి. 2020 డిసెంబరులో నేపాల్, చైనా కలిసి ప్రకటించిన ఎవరెస్టు ఎత్తు 8848.86 మీటర్లు. రోడ్డు మీద పడుకోబెడితే తొమ్మిది కిలోమీటర్ల లోపే, సైకిల్ మీద ముప్పావు గంట. అలా చెబితే పిల్లలు "ఇంతేనా!" అన్నారు. ఆ శిఖరం మీది రాయి సముద్రంలో తయారైన సున్నపురాయి, అందులో సముద్ర జీవుల గుర్తులు ఉన్నాయి అంటే మాత్రం నమ్మలేదు. గుళ్ళో పూజారిగారి దగ్గర ఉండే సాలగ్రామం ఫోటో సెల్‌ఫోన్‌లో చూపించాం. నేపాల్ గండకీ నదిలో దొరికే ఆ నల్లరాళ్ళలోని చక్రం డైనోసార్ల కాలంలో సముద్రంలో బతికిన గుల్లజీవి ముద్ర. రామతీర్థం ఒడ్డున గవ్వలు ఏరుకున్న పిల్లలకు అది గవ్వ చుట్టమేనని చెప్పనక్కర్లేకపోయింది. "ఇది నత్త గదన్నా" అన్నారు.

ఇంత చెప్పినా హిమాలయాలు దూరం. మన కొండల సంగతేమిటి? ఇక్కడే మాకు పలక దొరికింది.

ఇప్పటి పిల్లల పలకలు రేకువి, ప్లాస్టిక్‌వి. మాలో ఒకరి అమ్మ మాత్రం ట్రంకు పెట్టెలో పాత రాతి పలక దాచిపెట్టింది. చెక్క చట్రం ఊడిపోయింది, ఒక మూల పెచ్చు లేచింది. మేము చిన్నప్పుడు బొగ్గుపొడీ ఆకుపసరూ కలిపి రుద్ది నల్లగా చేసుకున్న పలకల్లో అదొకటి. అలాంటి పలకలకు పేరు పడ్డ ఊరు మార్కాపురం. అక్కడి గనుల్లో రాయి అప్పడాల కట్టలాగా పొరలు పొరలుగా లేస్తుంది. నల్లమల, మనకు పడమటనున్న వెలికొండలు, ఈ పలక రాయి, అన్నీ ఒకే ముడుతల పట్టీకి చెందినవి. కడప మహా అవక్షేపాలు అని భూగర్భ శాస్త్రవేత్తలు అంటారు. విలియం కింగ్ అనే ఆయన ఎక్కువగా కాలినడకనా గుర్రం మీదా ప్రయాణాలు సాగే ఆ రోజుల్లో ఈ రాళ్ళన్నీ పరిశీలించి 1872లో పెద్ద గ్రంథమే ప్రచురించాడు.

పలక కథ పిల్లలకు ఇలా చెప్పాం. నూరు కోట్ల ఏళ్ళకు పైమాటే, తాడు మీద మీటరుకు అవతల. అక్కడ ఒక సముద్రం ఉండేది. నదులు తెచ్చిన మెత్తటి బురద దాని అడుగున పొరలుగా పేరుకుంది. మీద మీద ఇంకా పడ్డ బరువుకు బురద గట్టిపడింది. తర్వాత తూర్పు వైపు నుంచి నెట్టుడు వచ్చింది. జంపఖానా లాగానే ఆ పొరలన్నీ మడతలు పడ్డాయి, కొండలై లేచాయి. ఆ ఒత్తిడికి బురదలోని సన్నటి రేకుల్లాంటి రేణువులన్నీ ఒకే వైపుకు తిరిగి సర్దుకున్నాయి. అందుకే ఆ రాయి రేకుల్లాగా చీలుతుంది. నమ్మకపోతే చూడమని, బంకమట్టిలో గుమ్మడి గింజలు కలిపి, రెండు అట్టల మధ్య పెట్టి గట్టిగా నొక్కి, మధ్యకు కోసి చూపించాం. అడ్డదిడ్డంగా ఉన్న గింజలు చాలావరకు అట్టలకు సమంగా పడుకుని ఉన్నాయి. అంటే అ ఆలు దిద్దుకున్న ఆ పలక చదునుగా చీలిందంటే, ఒకప్పుడు కొండ పుట్టే వేళ దాన్ని అంత గట్టిగా అదిమిన బలం కారణం.

రాతి పలక చేతులు మారుతూ చివరి వరుస దాకా వెళ్ళింది. రాళ్ళ పని తెలిసినవాడి కొడుకు దాన్ని గోటితో తట్టి చూసి, చెవి దగ్గర పెట్టుకుని, "ఇది మా నాయన కొట్టే రాయి కాదు. అది చీలదు, బద్దలవుతాది" అన్నాడు. ఒక రాయి చీలడానికీ ఇంకొకటి బద్దలవడానికీ తేడా ఆ వయసులో మాలో ఎవరికీ తెలియదు. ఆ రోజు నుంచి రాళ్ళ విషయంలో అనుమానం వస్తే వాణ్ణే అడుగుతున్నాం.

"ఆ సముద్రంలో చేపలుండేవా?" అని ఇంకొకడు అడిగాడు. ఉండేవి కావు. చేపా లేదు, పీతా లేదు, గవ్వా లేదు. కంటికి కనబడని సూక్ష్మజీవులు మాత్రం ఉండేవి. వలకు ఏమీ పడని సముద్రం అంటే ఆ పిల్లవాడికి చాలా బాధ కలిగింది.

ఆ సముద్రం ఉండేదనడానికి సాక్ష్యం తిరుమల పోయినవాళ్ళు చూడొచ్చు. శేషాచలం కొండల రాళ్ళలో ఒక రకం గట్టిపడిన ఇసుకే. కడప అవక్షేపాల్లోని అలాంటి రాళ్ళ మీద నీటి అలలు ఇసుకను తీర్చిన గీతలు ఇప్పటికీ కనబడతాయి. రామతీర్థం ఒడ్డున అల వెనక్కి పోయాక తడి ఇసుక మీద మిగిలే వంకర గీతలు ఎలాంటివో అవీ అలాంటివే. తిరుమల ఘాట్ రోడ్డు పక్కనే ఒక చోట కింద పాత రాయి, దాని మీద ఈ పొరల రాయి కలిసే గీత ఉంది. ఆ రెంటి మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ళ ఎడం. భూగర్భ సర్వే సంస్థ దాన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. దర్శనానికి పోయే బస్సుల్లో ఎంతమంది తల తిప్పి చూస్తారో గాని, మా పిల్లలు ఎప్పుడైనా పోతే చూస్తారు.

అంత పాత కొండలు గనుకనే వెలికొండలు హిమాలయాల ఎత్తులో లేవు. ఉదయగిరి దుర్గం సుమారు మూడు వేల అడుగులు. అరిగిపోయిన మిగతా కొండ ఎక్కడికి పోయింది? ఈ ప్రశ్నకు జవాబు పిల్లల కాళ్ళ కిందే ఉంది. కర్ణాటకలో నంది కొండల ప్రాంతంలో పుట్టిన పెన్నా 597 కిలోమీటర్లు నడిచి, గండికోట దగ్గర కొండను కోసి, సోమశిల దగ్గర వెలికొండలను దాటి మన వైపుకు వస్తుంది. దారిపొడవునా కొండల అరుగుదలను మోసుకొచ్చి సముద్రం ఒడ్డున పరిచింది. కొడవలూరు వరిమడి అదే. హాస్టల్ పక్క పొలంలో బోరు వేసినప్పుడు పైకి వచ్చిన ఇసుక, బంకమన్ను, మళ్ళీ ఇసుక, అన్నీ సీసాల్లో పట్టి వరసగా పెట్టాం. ఇన్నాళ్ళూ కొండ చూడలేదనుకున్న పిల్లలు కొండ మీదే ఆడుకుంటున్నారు. కాకపోతే అది పొడిగా వచ్చింది. దాంతో మొదటి ప్రశ్న అడిగినవాడు కొత్త గొడవ పెట్టాడు. "చూశారా అన్నా, పోశారనే గదా నేనూ అన్నది! కొండను పోయలేదు, కొండ మనల్ని పోసింది." ఈ మాటకు మా దగ్గర జవాబు లేదు, అవసరమూ లేదు.

ఒక ఆదివారం భయం మాట కూడా వచ్చింది. 26 డిసెంబరు 2004న ఈ పిల్లలు పుట్టలేదు. కానీ తీరం పక్క ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళ ఇళ్ళల్లో ఆ రోజు సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. పొద్దున్నే ఆరున్నర వేళ సుమత్రా దగ్గర సముద్రం అడుగున 9.1 తీవ్రతతో భూమి కదిలితే, రెండున్నర గంటల్లో అల మన ఒడ్డు మీదికి వచ్చింది. మన పలక అంచు అక్కడ పక్క పలక కిందికి దిగుతోంది. ఏళ్ళ తరబడి పట్టేసి ఉన్నది ఒక్కసారి జారింది. ఆ రోజు ఉత్తర అండమాన్‌లో పగడపు దిబ్బలు నీళ్ళ పైకి తేలాయి, దక్షిణాన ఇందిరా పాయింట్ దగ్గర నేల కుంగి దీపస్తంభం మొదలు నీళ్ళలో మునిగింది. అండమాన్ దీవులు అలా సముద్రపు అడుగు బురద చెక్కుకుపోయి పేరుకున్న కొండల తలలే. కొండలు పుట్టడం, ఆ అల రావడం రెండూ ఒకే కదలికకు చెందినవని చెప్పడానికి మేము కొంత తటపటాయించాం. చిన్నపిల్లలు రాత్రి నిద్రపోవాలి గదా. కానీ ఒక పిల్లవాడు, "సముద్రానికి కోపం వచ్చిందని మా అమ్మ అంటాది. కోపం కాదన్నమాట" అని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. సముద్రం ఒక్కసారిగా వెనక్కి పోతే గవ్వల కోసం పరిగెత్తకూడదు, ఒడ్డు వదిలి ఎత్తుకు పరిగెత్తాలి అని కూడా అప్పుడే నేర్పాం. "ఎత్తు ఏడుంది?" అంటే నీళ్ళ ట్యాంకు చూపించారు. ఆ జవాబు సరైనదేనని ఒప్పుకున్నాం.

వచ్చే ఏడాది వీళ్ళను పెంచలకోన తీసుకెళ్ళి వెలికొండ రాయిని చేత్తో తాకించాలని ఉంది. బస్సు ఖర్చు సంగతి వార్షికోత్సవం రోజు మాట్లాడుకుందాం. ఈలోగా పాత విద్యార్థులందరికీ ఒక విన్నపం. మీలో హైదరాబాదులో, బెంగళూరులో, గల్ఫ్ దేశాల్లో, సైన్యంలో ఉన్నవాళ్ళు ఉన్నారు. సెలవుకు వచ్చేటప్పుడు మీరున్న చోటి రాయి ఒకటి తీసుకురండి. పిల్లవాడి పిడికిట్లో పడితే చాలు. కాగితం మీద ఊరి పేరు రాసి అంటించండి. ఇళ్ళల్లో రాతి పలకలు మిగిలి ఉంటే పగిలినవైనా సరే ఇవ్వండి. పెన్నా ఇసుక మాత్రం తేవద్దు, మా దగ్గర చాలా ఉంది.